ఇటుకరంగు కారు ఓనరమ్మ

కొత్త కారు గేటు దాటగానే దాని ధరలో పదో వంతు గాల్లో కలిసిపోతుందన్న సంగతి షోరూంలో అందరికీ తెలుసు, కొనేవాళ్ళకి తప్ప. నిజానికి వాళ్ళకీ తెలుసు. తాళం చేతికొచ్చే రోజున గుర్తు చేసుకోవడం ఇష్టం ఉండదు, అంతే. అతను జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ షోరూంలో సేల్స్‌మన్‌గా చేరాడు. ఇప్పుడు రంగు వేస్తే గానీ నల్లబడటం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క కస్టమరుకైనా ఆ మాట గేటు దగ్గర గుర్తు చేసిన పాపాన పోలేదు.

వీధికి నాలుగు బండ్లు కనబడే కంపెనీ అది. జనం కొనేదీ అందుకే. ఇంకా కొనకముందే, రేపు అమ్మితే ఎంతొస్తుందని అడిగేవాళ్ళే ఎక్కువ. "మన బండికి విలువ అంత తొందరగా పడదండీ" అంటాడతను. అబద్ధం కాదు. మిగతా కంపెనీల బండ్లు మెట్ల మీంచి జారిపడితే, వీళ్ళది ఒక్కో మెట్టే దిగుతుంది. చేరేది మాత్రం కిందకే.

ధర సంగతీ అంతే. హాలు మధ్యలో చట్రం కట్టి నిలబెట్టిన ధర ఎప్పుడూ తగ్గదు. తగ్గిస్తే కంపెనీ పరువు పోతుందట. దాని బదులు సీటు కవర్లు ఉచితమంటారు, బీమాలో కొంత మేం పెట్టుకుంటామంటారు, మీ పాత బండికి కాస్త ఎక్కువ కడతామంటారు. నెల మొదట్లో వచ్చినవాడికి టీ ఇచ్చి పంపుతారు. నెలాఖర్లో వచ్చినవాడికి టీతో పాటు సగం షోరూం ఇచ్చేలా ఉంటారు. ఏ ఇద్దరూ ఒకే ధరకి కొనరు, కానీ ఎవరికి వాళ్ళు తామే గెలిచామనుకుని వెళ్ళిపోతారు.

ఇక నెలాఖరు తతంగం ఒకటుంది. కంపెనీ చెప్పినన్ని బండ్లు అమ్మితే షోరూంకి బోనస్ వస్తుంది, ఒక్కటి తగ్గినా రాదు. అందుకని ఆఖరి రోజు సాయంత్రానికి ఒకటీ అరా తక్కువైతే, ఆ బండిని పనివాళ్ళలో ఎవరో ఒకరి పేరు మీద రిజిస్టరు చేసేస్తారు. డబ్బు షోరూంది, బండి షోరూంది, పేరు మాత్రం వాళ్ళది. కంపెనీ దృష్టిలో అది అమ్ముడైపోయినట్టే. తర్వాత వెనక యార్డులో పెట్టి, "అస్సలు తిరగని సెకండ్ హ్యాండ్" అంటూ కాస్త తగ్గించి అమ్ముకుంటారు. పేరిచ్చినవాడికి ఆ సంగతే గుర్తుండదు.

మూడు నెలల కిందట ఒక బండి తక్కువైంది. అతని పేరు అప్పటికే ఇంకో బండికి వాడేశారు. మేనేజరు వయసులో చిన్నవాడు, ఏ ఎండకా గొడుగు పట్టే రకం. పని పడ్డప్పుడు మాత్రం నోరారా అన్నా అంటాడు. "అన్నా, వదిన పేరు పెట్టేద్దాం. పది రోజుల్లో అమ్మేస్తాం కదా" అన్నాడు. ఆమె గుర్తింపు కార్డు కాపీ అతని ఫోన్లోనే ఉంది. కాగితాలు బానెట్ మీదే పెట్టి నింపేశారు. ఇంటికెళ్ళి ఆమెకి చెప్పాలనుకున్నాడు. వెళ్ళేసరికి నడుం విరిగిపోయి మంచం మీద పడ్డాడు. మర్నాడు అదంత చెప్పుకోవాల్సిన సంగతిలా అనిపించలేదు.

ఆ బండి ఇటుక రంగుది. షోరూంలో దాన్ని అందరూ "ఇటుక" అనే పిలుస్తారు. పది రోజుల్లో పోతుందనుకున్న ఇటుక అక్కడే కూర్చుంది. ఈలోగా కొత్త మోడల్ బొమ్మలు బయటికొచ్చాయి, దాంతో ఇంకో మెట్టు దిగింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, వచ్చిన బోనస్ కన్నా దాని మీద పోయేదే ఎక్కువయ్యేలా ఉందని మేనేజరు గొణుక్కుంటూ తిరుగుతున్నాడు.

ఆ సోమవారం సాయంత్రం అతను ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే, భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంది:

"మనకి కారుందటండీ."

సగం విప్పిన లేసు వదిలేసి అతను తలెత్తాడు.

"కాలేజీలో చెప్పారు. సొంత కారు లేని వాళ్ళకే ఫీజు రాయితీ కదా, అక్కడి గుమాస్తా కంప్యూటర్లో నా పేరు కొట్టి చూశాడు. మీకు కారుందమ్మా, రాదన్నాడు. నేను నవ్వేశాను. మా ఆయన కార్లు అమ్ముతాడు గానీ కొనడండీ అన్నాను. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు తెర నా వైపు తిప్పి చూపించాడు."

కూతురి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. నర్సింగులో సీటు వచ్చిన రోజున ఆ పిల్ల ఇల్లంతా గంతులేసింది. రాయితీ ఉంటేనే అది సీటు. పూర్తి ఫీజు కట్టాలంటే వీళ్ళిద్దరూ ఇంకో జన్మ ఎత్తాలి.

"ఏ రంగు?" అని అడిగింది భార్య.

"ఏంటి?"

"నా కారు. ఏ రంగు?"

"ఇటుక రంగు" అన్నాడతను. ఆ తర్వాత జరిగిందంతా చెప్పాడు. ఆమె కోప్పడితే బాగుండేది. కోపానికి అతని దగ్గర సమాధానాలున్నాయి, రోజూ కస్టమర్లకి చెప్పేవే. ఆమె మాత్రం పాఠం వింటున్నట్టు వింది.

"ఎవరూ ఎక్కలేదు, తిరగలేదు. మరి తక్కువకెందుకు అమ్మడం?"

"రిజిస్టరు అయింది కదా. ఒకళ్ళ పేరు పడ్డాక పాతదే."

"అంటే నా పేరు రాసినందుకు తగ్గింది."

"నీ పేరని కాదే. ఎవరి పేరైనా అంతే."

"ఎవరి పేరైనా అంతేలెండి. రాసింది మాత్రం నాదే." ఆమె వంటింట్లోకి వెళ్ళబోయి ఆగింది. "శుక్రవారం సాయంత్రంలోగా అమ్మేసినట్టు కాగితం తెస్తే రాయితీ ఇస్తామన్నాడు. లేకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుందట. పిల్లకి నేనింకా ఏం చెప్పలేదు. మీరే చెప్పండి."

అతను ఆ రాత్రి చెప్పలేదు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి, బండిని షోరూం పేరు మీదకి మార్చేయమని అడిగాడు. మేనేజరు కుర్చీలో అటూ ఇటూ ఊగాడు. "అమ్మిన బండి మనమే కొన్నట్టవుతుంది అన్నా. కంపెనీవాళ్ళ కంట్లో పడితే బోనస్ వెనక్కి లాక్కుంటారు. బయటివాళ్ళకి అమ్మెయ్. ధర ఇంకొంచెం తగ్గిస్తా, అయితే నీ కమిషన్ కూడా అందులో కలిసిపోతుంది. పిల్ల చదువు కదా, ఏమంటావ్?"

ఏమంటాడు? పీకలదాకా మునిగినవాడికి చలేమిటి? ఫోను పట్టుకుని పాత కస్టమర్లందరికీ కాల్ చేశాడు. కొత్త మోడల్ వస్తోందిగా అన్నాడొకడు. తెల్లది ఉంటే చెప్పమన్నాడింకొకడు. ఒకావిడైతే పోయినసారి ఇస్తానన్న సీటు కవర్లు ఇంకా రాలేదని దులిపేసింది. బుధవారం సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకప్పుడు మాటలతో మనుషుల్ని ఎక్కించేవాడు. ఇప్పుడు తన గొంతు తనకే వెగటుగా వినబడుతోంది.

గురువారం పొద్దున మందుల షాపాయన వచ్చాడు. లావుపాటి కళ్ళద్దాలు, జేబులో మూడు పెన్నులు. ఇటుక చుట్టూ ఒకసారి తిరగ్గానే ఆయన మొహం విప్పారింది.

"ఇదయ్యా నాకు కావలసింది! ఊళ్ళో కార్లన్నీ మీ కంపెనీవే, అన్నీ తెల్లవే. నా బండేదో నాకే తెలిసి చావదు. మొన్న ఆసుపత్రి దగ్గర పావుగంట ఎవరిదో తలుపు తీయబోయాను. ఆయన లోపలే కూర్చుని ఉన్నాడు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. ధర చెప్పాడు. అంతే, మందుల షాపాయన మొహంలో వెలుగు తగ్గింది. గీసి గీసి బేరమాడేవాడిని నమ్మించొచ్చు. బేరమాడకముందే ధర తగ్గి కనబడితే ఎవరికైనా అనుమానమే.

"మూడు నెల్ల కిందట కొన్నారు, తిప్పలేదు, ఇంత తక్కువకి ఇస్తున్నారు. ఎక్కడో గుద్దేసి రంగేయించి ఉంటారు. కాదంటావా? అయితే ఓనరుతో మాట్లాడించు. రేపు పొద్దున మళ్ళీ వస్తా."

"తప్పకుండానండీ. ఓనరమ్మ వస్తారు" అన్నాడతను. 'వస్తారు' అన్న మాట నోట్లో ముల్లులా గుచ్చుకుంది.

శుక్రవారం భార్య బస్సు దిగి, చేతి సంచి పట్టుకుని షోరూం వెనక గేటు నుంచి వచ్చింది. ఆమె ఎప్పుడూ ముందు వైపు నుంచి కూడా రాలేదు. ముందు రోజు రాత్రే అతను నేర్పాడు: "వేరే ఊరు మారిపోతున్నాం అని చెప్పు. అంతకన్నా ఏం వద్దు." ఆమె సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. యార్డులో, రేకుల షెడ్డు కింద, దుమ్ము కొట్టుకుపోయిన టైర్ల కుప్ప పక్కన ఇటుక ఉంది. పొద్దున్నే అతనే కడిగాడు.

ఆమె బండి చుట్టూ తిరిగింది. అద్దంలో ఒకసారి మొహం చూసుకుంది.

"బాగుందండీ" అంది. "ఎక్కొచ్చా?"

నీదే కదా అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి తలుపు తీశాడు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు మీద ప్లాస్టిక్ ఇంకా తీయలేదు, కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తోంది. ఆమెకి కారు నడపడం రాదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ వైపు చూస్తూ కూర్చుంది. పెళ్ళైన కొత్తలో, ఏదో ఒక రోజు ఒక చిన్న కారు కొంటాను అని తనే అన్నాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు కాబట్టి మర్చిపోయిందనుకున్నాడు. మర్చిపోయింది తనేనని ఇప్పుడు తెలిసి అతనికి సిగ్గేసింది.

మందుల షాపాయన వచ్చి, వంగి లోపలికి చూశాడు. అతను అలవాటు కొద్దీ అందుకున్నాడు. "చూశారుగా సార్, ఒక్కరి చేతిలోనే ఉన్న బండి. ఆడవాళ్ళ బండి. గీత కూడా పడలేదు." ఆమె వింటోందని మాట సగంలో గుర్తొచ్చింది, కానీ నోరు దాని పాటికది పూర్తి చేసేసింది.

"ఎందుకమ్మా అమ్మేస్తున్నారు?" అని అడిగాడాయన.

ఆమె స్టీరింగు మీంచి చేతులు తీసింది. "కొన్నాం గానీ, నేను ఎక్కడికీ వెళ్ళలేదండీ."

"బండిలో లోపమేం లేదుగా?"

"బండిలో ఏ లోపం లేదండీ."

మందుల షాపాయన ఆమె మొహం కాసేపు చూశాడు. రోజంతా మనుషుల మొహాలు చూసి మందులిచ్చేవాడు, ఆ మాటలో అబద్ధం లేదని పట్టేసినట్టున్నాడు. "మా ఇంట్లోనూ ఆడవాళ్ళ సంగతి అంతేలెమ్మా" అని నిట్టూర్చి, కాగితాలు రాయించమన్నాడు.

రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే అమ్మాయి ముందు గదిలో మూల బల్ల దగ్గర కూర్చుంటుంది. కొత్తగా చేరింది, అతనికీ ఈమెకీ ఉన్న సంబంధం తెలియదు. పత్రాలు పరిచి, సంతకం పెట్టాల్సిన చోట్ల చుక్కలు పెట్టింది. భార్య పెన్ను తీసుకుని, ఎప్పట్లాగే పేరంతా విడివిడి అక్షరాలతో, బడిలో కాపీ రాసినట్టు రాయబోయింది. మొదటి అక్షరం పడిందో లేదో ఆ అమ్మాయి ఆపింది.

"మేడం, మీ సంతకం ఇలా ఉండదు కదా. పాత దానితో కలవకపోతే ఆఫీసులో తిప్పి పంపుతారు. మళ్ళీ వారం పడుతుంది."

భార్య ఆ అమ్మాయి వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. అతను పెన్నుల స్టాండు వైపు చూస్తున్నాడు.

"పాతది ఒకసారి చూపించమ్మా. మర్చిపోయాను" అంది.

ఫైలు తెరిచి చూపించింది ఆ అమ్మాయి. గొలుసుకట్టుగా, తొందరతొందరగా రాసిన పేరు, కింద కత్తి దూసినట్టు ఒక గీత. ఆ గీత అతనిది. ఇన్నేళ్ళుగా ప్రతి డెలివరీ కాగితం మీదా అతను గీసేది అదే. భార్య దాన్ని చాలాసేపు చూసింది. గోడ మీద గడియారం శుక్రవారం మధ్యాహ్నాన్ని నెమ్మదిగా తినేస్తోంది. ఇప్పుడు ఆమె ఇది నాది కాదు అంటే చాలు, అతని ఉద్యోగం పోతుంది. కూతురి సీటూ పోతుంది. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది అతనికి. కానీ చేతులు లేవలేదు.

ఆ అమ్మాయి ఫోనొచ్చి అటు తిరగ్గానే, ఆమె బల్ల మీద పడున్న ధరల కాగితం ఒకటి లాక్కుని వెనక్కి తిప్పింది. దాని మీద ఆ సంతకాన్ని చూసి చూసి రాసింది. బాగా రాలేదు. ఇంకోసారి రాసింది. పెన్ను ఆపి, తలెత్తకుండానే అడిగింది:

"ఈ గీత ఎడమ నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా అండీ?"

"కుడి నుంచి" అన్నాడు. గొంతు అతనికే వినబడలేదు. మళ్ళీ చెప్పాడు.

ఆమె కుడి నుంచి గీసింది. ఇంకో రెండుసార్లు సాధన చేసి, అసలు పత్రాన్ని దగ్గరికి జరుపుకుని, చుక్కలు పెట్టిన చోటల్లా ఆ సంతకం పెట్టింది. కాగితాల అమ్మాయి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుని, నవ్వుతూ ఫైలు మూసింది.

"సరిపోయింది మేడం. ఇది మీదే."