రెండు సెకన్ల బొమ్మ

ముందు పైనుంచి కిందికి, తర్వాత అడ్డంగా, చివరికి నాలుగు మూలలూ. జగ్గారావు మల్లుగుడ్డతో పలకను తుడుస్తున్నాడు. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషి రొమ్ము ఆనించి నిలబడే పలక అది. దాన్ని రోజూ తుడవమని ఎవరూ చెప్పలేదు. కొత్త మిషన్ బిగించిన ఇంజనీరు, ఇది డిజిటల్, దాదా, దుమ్ము పడినా బొమ్మలోకి రాదు అని నవ్వాడు కూడా. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు పడిన చెయ్యి ఊరుకోదు. పని అయ్యాక గుడ్డ తిప్పి చూసుకున్నాడు. గోల్‌మురిలో ఉక్కు కార్ఖానాల పొగ కింద ఒక్క రాత్రికి పడే దుమ్మంతా దాని మీద ఉంది.

జగ్గారావుకి యాభై తొమ్మిదేళ్లు. పొట్టి మనిషి. సీసపు ఆప్రాను మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఫిల్ము కడిగే మందునీళ్లలో నానిన గోళ్లు గోధుమరంగుకి తిరిగాయి. మందునీళ్లు పోయి పదేళ్లయినా ఆ రంగు పోలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే 'ఎక్స్‌రే' అంటాడు. అడిగినవాళ్లు 'ఓహో, డాక్టరా' అంటారు. కాదని చెప్పేలోపు వాళ్లు ఇంకొకరితో మాటల్లో పడిపోతారు. ఆయన జీవితంలో దొరికిన గౌరవం దాదాపు అంతే.

"అంకుల్, క్యాంప్ వాలే ఆ గయే," అని కౌంటరు దగ్గర నుంచి ప్రియ కేకేసింది. తెలుగింటి పిల్లే. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిస్తుంది.

గమ్హరియా నుంచి వ్యానులో పద్దెనిమిది మంది వచ్చారు. కొలుముల లోపలి పూత కోసం తెల్లరాయిని పిండి కొట్టే ఒక కార్ఖానా వాళ్లు. ఏడాదికోసారి వీళ్లకి ఛాతీ ఎక్స్‌రే తీయించాలని నియమం ఉంది. సూపర్‌వైజరు కాగితం పట్టుకుని, బడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు వాళ్లని లెక్కపెడుతున్నాడు.

"గడ్డం పైకి. చేతులు నడుం మీద. సాస్ లో... రోకో... ఛోడో." పీల్చు, ఆపు, వదులు.

ఒకడు, ఇంకొకడు, మరొకడు. ఐదోవాడు లోపలికి వస్తూ దగ్గాడు. రెండే రెండు పొడి దగ్గులు. దగ్గి, అరచేయి పక్కటెముకల మీద పెట్టుకున్నాడు. జగ్గారావు చెయ్యి బటను మీద ఆగిపోయింది. ఆ దగ్గు ఆయనకి తెలుసు.

"పేరేటి?"

"అప్పలరాజండి. మాది టెక్కలి పక్క. తెలుగోరా మీరు?" అంటుంటే ఆ మనిషి మొహం విప్పారింది. నలభై దాటవు. కనుబొమల మధ్య తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. ఎంత కడుక్కున్నా ఆ పొడి కొంచెం మిగిలిపోతుంది కాబోలు.

"ఎన్నేళ్లయింది రాయి పనిలో?"

"తొమ్మిదేళ్లు, మావయ్యా."

ఎక్స్‌రే తీశాక కంప్యూటరు మీద ముందుగా పచ్చి బొమ్మ వస్తుంది. అది ఉండేది రెండు సెకన్లే. ఈలోగా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని గరుకంతా తీసేసి, ఎముకల అంచులు తీర్చిదిద్ది, నున్నటి బొమ్మ చేసి పెడుతుంది. ఆ రెండు సెకన్లలో జగ్గారావు ఎప్పుడూ చూసేది భుజాలు సరిగ్గా వచ్చాయా లేదా అన్నదే. ఈసారి ఊపిరితిత్తులు చూశాడు. రెండువైపులా, పైభాగంలో, గసగసాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. అంతలో బొమ్మ మారిపోయింది. చుక్కలు లేవు. చిన్నపిల్లవాడి రొమ్ములా ఉంది.

బొమ్మ చూస్తానని అప్పలరాజు తొంగి చూశాడు.

"అబ్బ! ఎంత సాఫ్‌గా ఉన్నాది!"

సాఫ్ట్‌వేర్‌ని తిట్టడానికి లేదు. వెంట్రుకవాసి బీట పడిన ఎముకని అది చూపించింది. చంటిపిల్ల మింగిన గుండీని పట్టిచ్చింది. తీసిన ఫిల్మే మళ్లీ మళ్లీ తీసి జనానికి అన్నేసి కిరణాలు తగిలించే పాపం తప్పించింది. కానీ ఏది గరుకో ఏది జబ్బో దానికి ఎవరు చెప్పాలి? ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో జగ్గారావుకి తెలుసు.

కిందటేడు ఇంజనీరు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఇసక జల్లినట్టుంది, ఒకటి కడిగిన పళ్లెంలా ఉంది. 'కౌన్‌సా అచ్ఛా హై, దాదా?' అన్నాడు. ఈ గదిలో ఇన్నేళ్లలో తనని ఒకరు అభిప్రాయం అడగడం అదే మొదలు. జగ్గారావు గర్వంగా వేలు పెట్టి రెండోదాన్ని చూపించాడు. ఇంజనీరు దానికి 'క్లియర్ చెస్ట్' అని పేరు పెట్టి, ఇకమీదట అన్ని ఛాతీలకీ అదే అని నొక్కేశాడు.

మరేం చూపిస్తాడు? ఫిల్ముల కాలంలో ఫిల్ము దోపే పెట్టె లోపల దుమ్ము కణం పడితే ఫిల్ము మీద తెల్లచుక్క వచ్చేది. తెల్లచుక్క టెక్నీషియన్‌కి నామోషీ. ఈ సెంటరు పెట్టిన పెద్ద డాక్టరు ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, 'జగ్గా, ఏమిటిది, పిండి జల్లావా?' అనేవాడు. ఈ ఊళ్లో దుమ్ముకి కొదవా? చుక్క కనబడితే తుడవాలి, మళ్లీ తీయాలి. పని నేర్చుకోవడమంటే అదే నేర్చుకున్నాడు.

అసిరయ్య వచ్చినప్పుడూ అదే చేశాడు. అసిరయ్య అంటే భార్య చిలకమ్మకి తమ్ముడు. అతనిదీ రాతిమిల్లు పనే. ఫిల్ము నిండా చుక్కలు. జగ్గారావు పెట్టె తుడిచాడు, మళ్లీ తీశాడు. మళ్లీ చుక్కలే. పెట్టె మార్చాడు. చుక్కలే. సొంత బావమరిది ముందు, డాక్టరు ముందు పరువు పోతుందని కిరణాల మోతాదు కాస్త పెంచి తీశాడు. ఫిల్ము నల్లబడి చుక్కలు మాయమయ్యాయి. బాగా వచ్చిందన్నాడు డాక్టరు. దగ్గుమందు రాశాడు. రెండో ఏట అసిరయ్య మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడక. మూడో ఏడు లేడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక శిక్షణలో అచ్చం అలాంటి ఫిల్మే చూపించి, ఇది రాతిధూళి జబ్బు అని చెప్పారు. మనిషి లోపలి దుమ్ముని తను పెట్టె మీది దుమ్మనుకున్నాడు. ఈ మాట చిలకమ్మకి ఈరోజు వరకూ చెప్పలేదు.

మిగతా పదమూడు మందినీ రెండేసి సెకన్ల చొప్పున కళ్లార్పకుండా చూశాడు. ముందు వెళ్లిన నలుగురి పచ్చి బొమ్మలూ మిషన్‌లో తెరిచి చూశాడు. మొత్తం మీద ఇంకో ఇద్దరికి చుక్కలున్నాయి. అంతా అయ్యేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అందరికీ తళతళలాడే ఫిల్ములు వచ్చాయి. ఎక్కడో దూరాన ఉన్న డాక్టరు కంప్యూటరులో చూసి గంటలోపే రిపోర్టులు పంపాడు. పద్దెనిమిదీ నార్మల్. ప్రియ కవర్ల మీద అదే రాసి, ఫిల్ములు పెట్టి పంచింది.

జగ్గారావు కిషోర్ గదిలోకి వెళ్లాడు. కిషోర్ పెద్ద డాక్టరు కొడుకు. తండ్రి పోయాక సెంటరు చూసుకుంటున్నాడు. చదివింది వైద్యం కాదు, మేనేజ్‌మెంటు.

"బాబూ, ముగ్గురికి రాతిదుమ్ము జబ్బు ఉన్నాది. సాఫ్ చేసిన బొమ్మలో అవుపడదు. పచ్చి బొమ్మలు పంపి మళ్లీ సదివించు."

"అంకుల్, రిపోర్ట్ డాక్టర్ లిఖ్తే హై. ఆప్ నహీ."

"ఆ డాక్టరు మనం పంపిన బొమ్మ సూసే కదా రాత్తాడు! మనం తుడిసేసినాక ఆయనకేటి అవుపడతాది?"

"తుడవడం కాదు. ఎన్‌హాన్స్ చేశాం." కిషోర్ ఫోను మీద నుంచి కళ్లెత్తలేదు. "ఇంత మంచి క్వాలిటీ ఎక్కడా లేదని డాక్టర్ సాబే అంటారు. పైగా ఆ సెట్టింగ్ మీరే కదా చూజ్ చేశారు?"

"నానే. నా ఏలితోనే సూపించినాను. అందుకే సెప్తన్నాను."

"ఇప్పుడు ముగ్గురికి జబ్బంటే ఆ కంపెనీ వాళ్లు వచ్చే ఏడు మన దగ్గరికి వస్తారా? ఛోడియే నా."

ఛోడియే! గదిలో నిలబెట్టి ఊపిరి ఆపమని చెప్పి, ఆపినంతసేపూ నమ్మకంగా నిలబడ్డ మనిషిని 'ఛోడియే', వదిలేయండి అంటాడు! జగ్గారావుకి చెవులు వేడెక్కాయి. ఈ ఏడాది ఈ పలకకి రొమ్ము ఆనించిన వాళ్లు ఎన్ని వందల మందో. వాళ్లలో గసగసాలున్న వాళ్లు ఎందరో. పచ్చి బొమ్మలు మిషన్‌లో ఒక్క రోజే ఉంటాయి, తర్వాత చోటు కోసం అదే చెరిపేసుకుంటుంది. ఆ ఛాతీలు ఇక ఎవరూ చూడలేరు. మిగిలింది ఈరోజుటి ముగ్గురే.

వెనక్కి వచ్చి గది తలుపు వేసుకున్నాడు. 'క్లియర్ చెస్ట్' తీసేసి, ముగ్గురి పచ్చి బొమ్మలూ ఫిల్ముల మీద అచ్చు తీశాడు. ఎవరినీ అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అడక్కుండా చేసిన పని అదొక్కటే.

వ్యాను ఇంకా కదల్లేదు. గేటు పక్క టీకొట్టు బెంచీ మీద అప్పలరాజు, మిగతా ఇద్దరూ కూర్చుని ఉన్నారు. జగ్గారావు ఫిల్ముని ఆకాశానికి ఎత్తిపట్టాడు, అచ్చం పెద్ద డాక్టరులాగే.

"ఇది సూడు. నీదే. ఈ సుక్కలు అవుపడతన్నాయా?"

"మరిందాక ఇచ్చిన దాంట్లో లేవేటి, మావయ్యా?"

"మిషను తుడిసేసింది. తుడవమన్నది నానే." జగ్గారావు చుక్కల మీద వేలు పెట్టాడు. "ఇది రాయిపిండి. నీ ఊపిరితిత్తుల్లో ఉన్నాది. ఈ ఇద్దరికీ ఉన్నాది. ఇక ఆ పొడిలోకి ఎల్లకండి. పెద్ద సర్కారు ఆసుపత్రిలో ఛాతీ డాక్టరుకి ఈ ఫిల్ములే సూపించండి. అవి కాదు, ఇవి."

అప్పలరాజు మిగతా ఇద్దరికీ హిందీలో చెప్పాడు. వాళ్లలో ఒకతను టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"పన్లోంచి తీసేత్తే?" అని అప్పలరాజు ఒక్కసారిగా లేచాడు. "నా పిల్లలకి నువ్వెడతావా కూడు? సాఫ్‌గా ఉన్నాదని సంతోషంగా ఎల్తన్నవోణ్ని పిలిసి..."

"ఎట్టలేను." జగ్గారావు ఫిల్ముని కిందికి దించాడు. "మా బావమరిదికి బొమ్మ సాఫ్‌గా తీసి ఇచ్చినాను. ఆడూ సంతోషంగానే ఎల్లాడు. రెండేళ్లు బతికినాడు."

ఆ మాట బయటికి రావడం అదే మొదలు. చెప్పాల్సింది చిలకమ్మకి. విన్నది ముక్కూమొహం తెలియని మనిషి.

సూపర్‌వైజరు అటే వస్తున్నాడు. జగ్గారావు మూడు కొత్త కవర్లూ అప్పలరాజు చేతిలో పెట్టేశాడు. మళ్లీ బెంచీ మీద కూలబడ్డ అప్పలరాజు ఒళ్లో, ముగ్గురివీ కలిపి, ఇప్పుడు ఆరు కవర్లున్నాయి. ఒక్కొక్కడికీ రెండేసి బొమ్మలు. అతను దేనివైపూ చూడలేదు, రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాడు.

పావుగంటకి ప్రియ వచ్చి, భయ్యా పిలుస్తున్నారంది. సూపర్‌వైజరు అప్పటికే ఫోను చేశాడు. కిషోర్ గొంతు పెంచలేదు. గౌరవంగానే మాట్లాడాడు, అదే ఒళ్లు మండేలా ఉంది.

"అంకుల్, బహుత్ సాల్ కామ్ కియా ఆప్‌నే. కల్ సే ఆరామ్ కీజియే."

జగ్గారావు గది తాళంచెవి, జేబుకి తగిలించుకునే కిరణాలు కొలిచే బ్యాడ్జీ బల్ల మీద పెట్టాడు.

"ఆరామ్ తీసుకుంటాను బాబూ. రేపొచ్చేవోడికైనా ఆ పచ్చి బొమ్మ పూర్తిగా సూడమని సెప్పు. మీ నాన్నయితే నన్ను తిట్టేవోడు. తిట్టి, మళ్లీ తీయించేవోడు."

కిషోర్ తాళంచెవి సొరుగులో వేశాడు. సాగనంపడం అంతే.

టిఫిను డబ్బా, స్టీలు గ్లాసు, మల్లుగుడ్డ. ఆయన సామాను అంతే, సర్దితే ఒక సంచీలో సగం కూడా రాలేదు. ప్రియ గుమ్మం దాకా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంకుల్, కల్ సే ప్లేట్ కౌన్ పోంఛేగా?"

"ఎవలూ తుడవక్కర్లేదమ్మా," అన్నాడు జగ్గారావు. "తుడిసింది సాలు."

గేటు దాటేసరికి వ్యాను లేదు. టీకొట్టువాడు గ్లాసులు కడుగుతున్నాడు. బెంచీ మీద ఒకదానిమీద ఒకటి మూడు కవర్లున్నాయి. తను ఇచ్చినవేననుకున్నాడు జగ్గారావు. వదిలేశారు. వదలక ఏం చేస్తారు, పిల్లలున్నవాళ్లు. దాటి వెళ్లిపోబోయి వెనక్కి తిరిగాడు. వెళ్లి పైకవరు మీదున్న టీ గ్లాసు తీసి పక్కన పెట్టి, లోపలి ఫిల్ము లాగి వెలుగుకి పట్టాడు. చుక్క లేదు. రెండోది తీశాడు. చుక్క లేదు. మూడోది అప్పలరాజుది. అందులోనూ లేదు.

చుక్కలున్న మూడూ వ్యానులో వెళ్లిపోయాయి.

జగ్గారావు ఫిల్ములు కవర్లలో దోపి, ఎక్కడివక్కడ బెంచీ మీద పెట్టేశాడు. సంచీలో మల్లుగుడ్డ ఉంది. దాన్ని తీయలేదు. నార్మల్ అని రాసి ఉన్న పైకవరు మీద గ్లాసు అడుగు గుండ్రంగా దిగిన టీ మరక ఇంకా తడిగానే ఉంది.