బొట్టు చెదరని తాళం

నేను ఒక ఇత్తడి తాళం కప్పను. మొదట నల్లగొండ వైపు ఒక ఊళ్లో కిరాణా కొట్టుకు కాపలా ఉండేదాన్ని. లోపల బెల్లం ఉందని చీమల రాకపోకలను బట్టే తెలిసేది. కొట్టు మూతపడ్డాక హైస్కూలు హెడ్‌మాస్టరు జనార్దన్ గారు నన్ను కొని, బడి వెనక కొత్తగా కట్టిన గది తలుపుకు వేశారు. ఆ ఉదయమే దానికి రిబ్బను కత్తిరించి చప్పట్లు కొట్టారట. అంత సంబరంగా తెరిచిన గదికి మధ్యాహ్నానికే తాళమెందుకో నాకు అంతుపట్టలేదు. లోపల బంగారముందా? ఉంటే ఒక్కరూ వచ్చి చూసుకోరేం?

ఆ గుట్టు విప్పింది తొమ్మిదో తరగతి వినోద. నోరు ఊరుకోని పిల్ల.

"సార్, ఆడపిల్లల బాత్రూమ్ తాళం తీయిండ్రి."

"ఖరాబు చేస్తరమ్మా. ఆఫీసర్లొస్తే ఏం చూపియ్యాలె?"

వాడుకోవడానికి కట్టినదాన్ని చూపించడానికి దాచడం మనుషులకే చెల్లింది. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లి, చాలామంది తిరిగి వచ్చేవారు కారు. వినోద పక్కన ఎప్పుడూ ఉండే భాగ్య అసలు రావడమే మానేసింది.

"సార్, భాగ్య పెద్దమనిషైంది. చెట్ల చాటుకు పంపనని వాళ్లమ్మ బడి బంద్ చేయించింది. పత్తి ఏరనీకి పోతున్నది. తాళం తీస్తే మల్ల పంపుతదంట."

"చూద్దాంలే" అన్నారు సారు. ఆ తర్వాత చూడలేదు.

దసరా సెలవుల ముందు బడిలో ఆయుధ పూజ చేశారు. బీరువాలకు, గంటకు, సైకిళ్లకు పసుపు రాసి బొట్లు పెట్టారు. నా వంతుకు వినోద వచ్చింది. తాళంచెవి దూరే కంత పూర్తిగా పూడేలా తడి పసుపు మెత్తింది, పైన కుంకుమ అద్దింది. నా మీద ఇంత భక్తేమిటా అని ఆశ్చర్యపోయాను.

సెలవులయ్యి నెల దాటాక, పత్తి ఏరడం ఇంకా సాగుతుండగానే ఒక ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చారు. సారు తాళంచెవి పట్టుకుని ముందు నడుస్తూ, "రోజూ తీస్తూనే ఉంటాం మేడమ్" అన్నారు.

వెనక నుంచి వినోద పరుగెత్తుకొచ్చింది. నా వైపు వేలు చూపించింది.

"మేడమ్, ఆ బొట్టు చూడుండ్రి. దసరాకు నేనే పెట్టిన. రోజు తీస్తే అట్లనే ఉంటదా?"

ఆఫీసరమ్మ వంగి నన్ను గోటితో గీకారు. పసుపు రాయిలా గట్టిపడి ఉంది. సారు ఎంత తిప్పలు పడినా తాళంచెవి దూరలేదు. చివరికి సుత్తి తెప్పించి నన్ను పగలగొట్టారు. దెబ్బ గట్టిగానే తగిలింది కానీ, ఇన్నాళ్ల ఆరాటం నాది. ముందు లోపలికి చూశాను. స్టిక్కరు ఊడని ఒక ప్లాస్టిక్ బకెట్టు! దీనికోసమా భాగ్య చదువు ఆపారు? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఫీసరమ్మ ఆ పూటే బయటి గొళ్లెం పీకించి, లోపల గడియ పెట్టించారు. విరిగిన నన్ను కిటికీ గట్టు మీద పడేశారు. వినోద కావాలనే పసుపు అంత మందంగా మెత్తిందా? అడుగుదామంటే నాకు నోరు లేదు.

సోమవారం మధ్యాహ్నం వినోద భాగ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పత్తికాయల మొనలు గీరి ఆ పిల్ల వేళ్లన్నీ చారలు.

"ఈడనే ఉంటవానే?" లోపలి నుంచి భాగ్య.

"ఏడికి పోత? గడియ పెట్టుకో."

గడియ పడింది. తాళాల మధ్యే పుట్టి పెరిగినా ఆ చప్పుడు నాకు కొత్త. లోపలున్న మనిషి తన చేత్తో వేసుకున్నది.