పదిహేనేళ్ళ హామీ

ఆదివారం ఉదయం అక్కా బావా వచ్చి తలుపు తట్టేసరికి తమ్ముడు ఇంకా పళ్ళు కూడా తోముకోలేదు. అక్క ఒక అరచేత్తో కుడి చెంప అదిమి పట్టుకుంది. రెండో చేతిలో చిన్న కాగితం పొట్లం. తెలియనివాళ్ళు చూస్తే అందులో ముక్కుపుడక ఉందనుకుంటారు. ఖరీదులో అదేమీ తీసిపోదు.

"ఊడొచ్చిందిరా" అంది అక్క కుర్చీలో కూలబడుతూ. "రొట్టెముక్క కొరికానంతే. కటుక్కుమంది. రాయేమో అనుకుని ఉమ్మేస్తే క్యాప్."

"నిన్నటి రొట్టె" అన్నాడు బావ. "ఆ మాట కూడా చెప్పు. గట్టిగా ఉండుంటుంది. డాక్టరు ముందు అడిగేది అదే."

"అయ్యో, పన్ను ఊడిందాన్ని నేను. నేరం కూడా నాదేనా?"

బావది బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా జనం జేబులు తడుముకోవడం చూసి చూసి, లోకంలో టిక్కెట్టు కొన్నవాళ్ళు కూడా ఉంటారన్న సంగతి ఆయన మరిచిపోయాడు. కూరగాయలు కొంటే తక్కెడ కింద వేలు పెట్టి చూస్తాడు. మందుల సీసా కొంటే మూత వాసన చూస్తాడు. చుట్టాలు "బాగున్నారా" అని పలకరిస్తే అప్పు అడగడానికేనని ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అటువంటి మనిషి లోకం మొత్తమ్మీద నమ్మే ప్రాణి ఒక్కటే. అది ఈ బావమరిది.

అందుకు కారణం లేకపోలేదు. తమ్ముడు పనిచేసేది పళ్ళకు వేసే క్యాపులు, అంటే తొడుగులు, తయారుచేసే ల్యాబులో. దంతవైద్యులు పంపే నోటి అచ్చుల్ని బట్టి అక్కడ తొడుగులు చేస్తారు. వాటికి నునుపు పట్టి, అంచులు సరిచూసి, డబ్బాలో పెట్టడం పదహారేళ్ళుగా అతని పని. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ల్యాబులో అందరూ అతన్ని ముత్యాలు అనే పిలుస్తారు. అక్క మొదటిసారి ఆ తొడుగు వేయించుకున్నప్పుడు మాత్రం తమ్ముణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకని తన ఇంటి దగ్గరి డాక్టరు వద్దకే వెళ్ళింది. రెండేళ్ళ కిందటి మాట అది.

ముత్యాలు పొట్లం విప్పాడు. తొడుగును తిరగేసి లోపలికి చూశాడు. చూసి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో మళ్ళీ చూశాడు.

"అక్కా, నీకు ఏ రకం వేశామన్నారు?"

"ఖరీదైందే. జిర్కోనియానో ఏదో. లోహం అస్సలు ఉండదన్నారు. పదిహేనేళ్ళు హామీ, కార్డు కూడా ఇచ్చారు. బీరువాలో పెట్టాను. ఏం?"

అతను తొడుగును ఆమె ముందు పెట్టాడు. పైన తెల్లటి పింగాణీ. లోపల బూడిదరంగు లోహం.

ఇక్కడ చదువరులకు ఒక్క మాట చెప్పాలి. తొడుగుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేవి రెండు రకాలు. లోపల లోహం, పైన పింగాణీ పూత ఉండేది మామూలు రకం. జిర్కోనియా అయితే లోపలా బయటా తెలుపే. ఖరీదు మూడింతలు. మామూలు రకంలో తప్పేమీ లేదు, శ్రద్ధగా చేస్తే అదీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తప్పంతా ఒకటి చూపి ఇంకొకటి అంటగట్టడంలో ఉంది. దవడ పన్ను మీద కూర్చున్నాక ఆ తేడా అద్దంలో చూసుకున్నా తెలియదు. తెలిసేది ఊడిన రోజునే.

"చిగురు దగ్గర నల్లగా గీత కనబడుతోందని నేను అప్పుడే అడిగాను" అంది అక్క మెల్లగా. "టీ ఎక్కువ తాగుతారా అన్నాడా డాక్టరు. అప్పట్నించీ టీ మానేశాను."

ఆ మాట విని ముత్యాలుకు ఒళ్ళు మండిపోయింది. అక్క ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. రెండు నెలల జీతం పోసి పన్ను కట్టించుకుంది. ఆపైన, తప్పు తనదేననుకుని ఉన్న ఒక్క సుఖమూ వదులుకుంది.

"రేపు నేనూ వస్తాను" అన్నాడు. "కార్డు పట్రా. వాడి సంగతి తేలుద్దాం."

సోమవారం ముగ్గురూ వెళ్ళారు. క్లినిక్కులో చల్లటి గాలి, అద్దాల తలుపు, గోడంతా నవ్వే నోళ్ళ ఫొటోలు. నవ్వుతున్నవాళ్ళలో అక్కడ డబ్బు కట్టినవాళ్ళు ఎందరో అని బావ లెక్కపెట్టబోయి మానుకున్నాడు. డాక్టరు అక్క నోట్లో దీపం వేసి చూశాడు.

"లోపల పన్ను కొంచెం పుచ్చిందమ్మా. అది శుభ్రం చేసి కొత్త క్యాప్ వెయ్యాలి. పాతది మళ్ళీ అతికిస్తే నిలవదు. బుధవారం సగం డబ్బు కట్టేస్తే కొలతలు తీసుకుంటాను."

"హామీ ఉంది కదండీ" అంది అక్క, కార్డు తీసి బల్ల మీద పెడుతూ.

"గట్టి పదార్థాలు కొరికితే వర్తించదు. కార్డు వెనకాల రాసే ఉంటుంది."

బావ భార్యకేసి 'నే చెప్పలా' అన్నట్టు చూశాడు. ముత్యాలు ముందుకు జరిగాడు. "గట్టి పదార్థం సంగతి తరవాత, డాక్టరుగారూ. మీరు జిర్కోనియా అని కార్డు ఇచ్చారట. దీని లోపల చూడండి, లోహం."

"మావాడు ఈ పనిలోనే ఉన్నాడు లెండి" అన్నాడు బావ కాలు మీద కాలు వేసుకుంటూ. "వాడి కళ్ళు కప్పడం మీవల్ల కాదు."

డాక్టరు తొణకలేదు. "క్యాపులు నేను చేస్తానా? ల్యాబు చేస్తుంది. వాళ్ళేది పంపితే అది వేస్తాను. కార్డు కూడా వాళ్ళదే. ఎవరు రాశారో వాళ్ళని అడగండి" అంటూ కార్డును బల్ల మీదుగా ముత్యాలు ముందుకు తోశాడు.

ముత్యాలు కార్డు అందుకున్నాడు. పైన అక్క పేరు ఎవరో గిలికి ఉన్నారు. దాని కింద, 'జిర్కోనియా, లోహరహితం, పదిహేను సంవత్సరాల హామీ' అన్న మాటలు మాత్రం గుండ్రంగా, పొందిగ్గా, ముత్యాలు పేర్చినట్టు ఉన్నాయి.

అది అతని రాత.

ప్రతి శనివారం భోజనాలయ్యాక ల్యాబు యజమాని ఒక కట్ట కార్డులు తెచ్చి అతని ముందు పెట్టేవాడు. "ముత్యాలూ, నీ చెయ్యి పడితే కార్డుకే అందం" అనేవాడు. పేరు ఖాళీగా వదిలి మిగతాది నింపడమే పని. వారానికి యాభై, ఒక్కోసారి వంద. ఆ వారం ల్యాబులో తయారైన జిర్కోనియా తొడుగులు ఏ పదో పన్నెండో. మిగతా కార్డులు ఎక్కడికి పోతున్నాయన్న అనుమానం అతనికి ఒకటి రెండుసార్లు రాకపోలేదు. వచ్చినప్పుడల్లా పెన్ను మార్చుకుని మళ్ళీ రాసుకుంటూ పోయాడు.

"ఏంట్రా, మాట్లాడవేం?" అంది అక్క.

తేలు కుట్టిన దొంగలా ముత్యాలు కార్డు బోర్లించి అక్క చేతిలో పెట్టాడు. "కనుక్కుంటాను" అన్నాడు. బయటికొచ్చాక బావ డాక్టర్లనీ, ల్యాబులనీ, అద్దాల తలుపులనీ కలిపి దారిపొడవునా తిట్టాడు. ముత్యాలు ఒక్క తిట్టుకూ వంత పాడలేదు. అక్క అది గమనించింది.

మంగళవారం అతను ల్యాబులో పాత ఆర్డరు చీటీల పెట్టె దించాడు. రెండేళ్ళ కిందటి ఆ నెల చీటీల్లో వెతికితే అక్క పేరు దొరికింది. డాక్టరు స్వహస్తాలతో రాసిన చీటీ. 'మామూలు రకం. కార్డు మాత్రం పై రకానిది పంపగలరు.' కింద యజమాని పొట్టి సంతకం. అంటే ఆయనకీ తెలుసు, ఈయనకీ తెలుసు. తెలియనిది పన్ను కట్టించుకున్న మనిషికి మాత్రమే.

చీటీ పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అందరూ చేస్తున్నదే, ముత్యాలూ. కార్డులు ఇవ్వకపోతే డాక్టర్లు ఇంకో ల్యాబుకి పోతారు. అప్పుడు నీకు జీతం ఎవరిస్తారు?"

"ఈ చీటీలో ఉన్నది మా అక్క, సార్."

"ముందే చెప్తే అసలుదే పంపేవాణ్ణి కదయ్యా! పోనీ, ఇప్పుడు ఒకటి ఉచితంగా చేసిద్దాం. ఆ చీటీ ఇటియ్యి." ఆయన చెయ్యి చాచి, ఇంకా నెమ్మదైన గొంతుతో అన్నాడు. "ఒకటి గుర్తుపెట్టుకో. ఆ కార్డుల మీద నా రాత లేదు, డాక్టరు రాతా లేదు. నువ్వు నోరు విప్పితే ముందు పట్టుకునేది ఎవర్నో ఆలోచించుకో."

ముత్యాలు చీటీ ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని వచ్చేశాడు. కానీ ఆ మాట అతని వెంటే వచ్చింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఈ ఉద్యోగం పోతే ఊళ్ళో ఏ ల్యాబూ తనను గడప తొక్కనివ్వదు. ఉచితంగా వస్తున్న తొడుగు తీసుకుంటే అక్క పన్ను బాగుపడుతుంది, తన బతుకూ బాగుంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఎన్నిసార్లు ఇలా సర్దిచెప్పుకున్నా, టీ మానేశానన్న అక్క మాట దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతోంది. పొద్దుగూకకముందే అక్క ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నిజం తెలిశాక కూడా దాచిపెట్టి అక్క మొహం చూడటం అతనివల్ల కాలేదు.

బావ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు. "నా సర్వీసులో ఎన్ని వేలమందిని అనుమానించానో నాకే తెలీదు. నిన్ను ఒక్కణ్ణే వదిలేశాన్రా."

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది ముత్యాలుకు.

"అక్కా, నీకని తెలిస్తే రాసేవాణ్ణి కాదు."

"అదేరా నాకు బాధ" అంది అక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకని తెలిస్తే రాయవు. ఇంకొకరికని తెలిస్తే రాస్తావు. వాళ్ళు మాత్రం రూపాయి చెట్టు నుంచి దులుపుకొచ్చారా? వాళ్ళకు మాత్రం తమ్ముళ్ళు లేరా?"

బుధవారం ఉదయం ముగ్గురూ మళ్ళీ క్లినిక్కుకు వెళ్ళారు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. డాక్టరు వాళ్ళను చూసి చిరునవ్వుతో ఎదురొచ్చాడు. ల్యాబు యజమాని ఫోను చేసినట్టే ఉంది.

"రండి రండి, లోపల మాట్లాడుకుందాం. ఏదో పొరపాటు జరిగింది. మీకు కొత్త క్యాప్ పైసా లేకుండా వేసేస్తాను."

"లోపలెందుకండీ?" అంది అక్క. "డబ్బు ఇక్కడే కట్టించుకున్నారుగా. ఇక్కడే చెప్పండి. నాకు వేసింది ఏది? నా దగ్గర పుచ్చుకుంది దేనికి?"

కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. డాక్టరు గొంతు తగ్గించాడు. "ల్యాబు వాళ్ళ పొరపాటమ్మా, నాకేం తెలుసు..."

ముత్యాలు జేబులోంచి చీటీ తీసి అందరికీ వినబడేలా చదివాడు. ఆపైన, ఎవరూ అడగకుండానే, "ఇది డాక్టరుగారి రాత. కార్డు మీదున్నది నా రాత. ల్యాబులో కార్డులు నింపేవాణ్ణి నేనే" అన్నాడు.

డాక్టరు మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. నాలుకతో తమ పళ్ళు తడుముకోని మనిషి అక్కడ లేడు. బావ వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు, ఎవరో పారిపోకుండా కాపలా కాస్తున్నట్టు.

మూలనున్న ఒక ముసలమ్మ లేచింది. చేతికర్ర ఆనించుకుంటూ ముత్యాలు దగ్గరికి వచ్చి, సంచి అడుగునుంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కార్డు తీసింది. మడత పడకుండా ఎంతో జాగ్రత్తగా దాచుకున్నదని చూస్తేనే తెలుస్తోంది.

"నాకు చదువు రాదు నాయనా. మూడు పళ్ళకి కట్టించుకున్నాను. నువ్వే రాశానంటున్నావుగా, చూసి చెప్పు. నాకు వేసినవి మంచివేనా?"

ముత్యాలు కార్డు తీసుకున్నాడు. అవే గుండ్రటి అక్షరాలు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "రాసింది నేనే. మీ పళ్ళకు వేసిందేంటో నేను చూడలేదు."

"చూడకుండా ఎలా రాశావు నాయనా?" అంది ముసలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఆమె వెనక మరో ముగ్గురు తమ కార్డులు పట్టుకుని నిలబడ్డారు. ముత్యాలు ఒక కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. మూడు పళ్ళ ఆర్డరు చీటీ కూడా వెతికి పట్టుకొస్తానని మాటిచ్చాడు. తనను ఇక ల్యాబు గడప తొక్కనిచ్చినా, తొక్కనివ్వకపోయినా తెస్తానన్నాడు. అక్క ఒక కాగితం తీసుకుని వరుసగా అందరి పేర్లూ రాయడం మొదలుపెట్టింది.

చదువరులారా, మోసం చేసేవాణ్ణి అనుమానించడం మనందరికీ వచ్చు. డబ్బు కట్టే ముందు ఏం వేస్తున్నారు, ఎవరు చేశారు అని నోరు తెరిచి అడగడం కూడా నేర్చుకుందాం. అన్నిటికన్నా ముందు, మన చేతిలో ఉన్న పెన్నును అనుమానించుకుందాం. తాను చూడనిదానికి హామీ రాసిచ్చినవాడు, ఆ మోసంలో సగం తన చేత్తోనే చేసినట్టు.