లాజరు చదవగలిగిన ఒక్క మాట

లాజరుకు చదవడం వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే: గిఫ్ట్. కరువొచ్చిన ఏడాది చర్చిలో పంచిన అమెరికా పాలపొడి డబ్బాల మీద ఆ నాలుగక్షరాలు ఉండేవి. "అంటే ఊకెనే ఇచ్చింది" అని పాస్టరయ్య చెప్పాడు. ఆ ఒక్క మాటకే లాజరు, బోధన్ బజారులో బోర్డులన్నీ చదివేసినవాడిలా తలెత్తుకు తిరిగేవాడు.

చెరుకు మిషన్లు బిగించడానికి వచ్చిన జర్మనీ దొరకు అతను రెండేళ్లు వంట చేసి పెట్టాడు. దొర తన దేశం పోతూ, వంటింట్లో మిగిలినవన్నీ తీసుకోమని సైగ చేశాడు. అటక మీద ఒక డబ్బా దొరికింది. అంటించిన కాయితం సగం చెమ్మకు ఊడిపోయింది, మిగిలిన సగం మీద అదే మాట. లోపల తెల్లటి పొడి. లాజరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంట్లో భార్య శారమ్మ జ్వరం పడి లేచింది, నిలబడితే తూలుతోంది. వేడినీళ్లలో పొడి, ఇంత శక్కర వేసి తనే కలిపాడు.

"నువ్వు గూడ తాగరాదు" అంది శారమ్మ.

"నాకేమైంది? నువ్వు తాగు."

పిచ్చివాడు, ఒక్క గుక్కైనా రుచి చూడలేదు.

వాంతులతో పడిపోయిన శారమ్మను చేర్చిన నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరమ్మది స్వీడన్ దేశం. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది, తెలుగు బాగా వచ్చు. లాజరు తెచ్చిన డబ్బా చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది ఎలుకల మందు, లాజరూ. జర్మనీ వాళ్ల భాషలో ఈ మాటకు విషం అని అర్థం."

"కాదమ్మా, గిఫ్ట్. ఊకెనే ఇచ్చింది. నాకెరుక."

"అది ఇంగ్లీషులో. మా దేశంలో విషానికీ ఇదే మాట, పెళ్లయిన మనిషికీ ఇదే మాట. అన్నీ 'ఇవ్వడం' అనే మాటలోంచి పుట్టినవే..."

ఎవరికి చెబుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది. దీనికి విరుగుడు లేదని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లింది.

లాజరు వరండాలో కూలబడ్డాడు. మాటలకేం, ఏ దేశంలో ఆ వేషం కడతాయి. నమ్మినవాడు ఏమైపోవాలి? ప్రార్థన చేద్దామంటే మాట అంటేనే భయమేసింది.

మామ వీరస్వామి నవీపేట్ బస్సు దిగి వచ్చేసరికి శారమ్మ ముఖం మీద దుప్పటి కప్పేశారు. ముసలాయన దుప్పటి తీసి చూశాడు, మళ్లీ కప్పాడు. వచ్చి అల్లుడి ముందు నిలబడ్డాడు.

"నా పిల్లను నీకిస్తి గదరా," అన్నాడు. "నువ్వు దానికేమిస్తివి?"