వద్దన్న మాట

జొన్నరొట్టె తడుతున్న జొహరాబీ చేయి ఆగింది. ముందుగదిలోంచి భర్త షరీఫ్ ఉర్దూలో గట్టిగా కేకేస్తున్నాడు.

"కీబోర్డు లేదంటాంది జొహరా! మళ్లా అదే ఎఫ్ వన్ నొక్కమంటాంది!"

"వెనకపక్క తీగ వదులైందేమో చూడండి. ఆపి, గట్టిగా దూర్చి, మళ్లా స్టార్టు చేయండి."

కాసేపటికి మిషను గుర్రుమంది. ముందుగదిలో కూర్చున్న, ఉర్దూ రాని దూది వ్యాపారి "భలే పట్టినావప్పా షరీఫూ" అన్నాడు. షరీఫ్ నవ్వాడు. ఈలోగా పెనం మీద రొట్టె మాడింది. "చెవులు ముందుగదిలో పెట్టుకుంటే రొట్టెలు మాడక ఏమైతాయి?" అంది అత్త లాలాబీ.

ఆదోనిలో షరీఫ్‌ది మొదట రేడియోలు, టీవీలు బాగుచేసే పని. ఎనభై ఎనిమిదిలో ఊళ్లో ఒకరిద్దరు షావుకార్లు ఇళ్లకు కంప్యూటర్లు తెప్పించుకోవడం చూసి, బళ్లారి పోయి తనూ ఒక పాత మిషను కొనుక్కొచ్చాడు. దాంతోపాటు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. నాలుగు పేజీలు తిప్పి దాన్ని గూట్లో పడేశాడు. జొహరాబీ ఇంటర్ పాసై, టైపు కూడా నేర్చుకున్న మనిషి. అత్త మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆ పుస్తకం చదివేది. మిషను మూత విప్పి, లోపల పేరుకున్న దూది నూగును కుంచెతో దులిపేది. కార్డులు ఊడబీకి, వాటి పసుప్పచ్చటి పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ దూర్చేది. మిషనును నడిపించే డాస్ ప్రోగ్రామును ఎక్కించడం, చెడగొట్టుకోవడం, మళ్లీ ఎక్కించడం ఆమెకు ఆటగా ఉండేది. అడిగినదానికి అడిగినట్టే జవాబిచ్చేది ఆ ఇంట్లో అదొక్కటే. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో చెప్పేది గానీ మూతి ముడుచుకునేది కాదు, పుట్టింటివాళ్లను ఎత్తేది కాదు. పెళ్లయ్యాక తనకంటూ ఏదైనా దొరికిందంటే ఆ మధ్యాహ్నపు గంటే.

షరీఫ్ ఊళ్లోవాళ్ల కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టాడు గానీ, అది ఆమె చెబితే చేస్తున్న పని అని బయటివాళ్లకు తెలీదు. "ఆడమనిషి చెబితే మొగోడు చేస్తాండాడని తెలిస్తే నన్ను ఎవరు పిలుస్తారు? నీదీ నాదీ వేరేనా?" అనేవాడు షరీఫ్. వేరే కాదనే ఆమె నమ్మింది.

ఎమ్మిగనూరు నుంచి బట్టల వ్యాపారి దేవేంద్రప్ప కబురు పెట్టాడు. ఇంట్లో కంప్యూటరు లేవడం లేదట. ఇంటి ఆడవాళ్లను చూడ్డానికి వచ్చిందని చెప్పి షరీఫ్ జొహరాబీని కూడా బస్సెక్కించాడు. షరీఫ్ హాల్లో మిషను ముందు, ఆమె లోపలిగదిలో గుమ్మం తెర వెనక. మిషను తెరమీద కనిపించింది అతను పైకి చదవాలి. మంచినీళ్లు అడిగినట్టో, టైమెంతని అడిగినట్టో ఆమె ఉర్దూలో జవాబు చెప్పాలి. అదీ వాళ్ల ఏర్పాటు.

లోపలిగదిలో దేవేంద్రప్ప కోడలు ఉచ్చీరమ్మ ఉంది. చిన్న వయసు. మాటల్లో తెలిసింది, ఆ మిషనులో ఉన్నదంతా ఆమె కొట్టిందేనని. ముసలి నేతగాళ్లను కూర్చోబెట్టుకుని, చీర అంచుల పోగుల లెక్క వాళ్లు నోటితో చెబుతుంటే కాగితాల మీద రాసుకుని, తర్వాత మిషనులో ఎక్కించిందట. "బజారి తాత చెప్పిన అంచులు ఇంకెవురికీ రావక్కా. ఆయప్ప పోయిన ఏడు చచ్చిపాయ. కాగితాలు మా అత్త పొయ్యిలో పెట్టేసె, మిషన్లో ఉంది కదా అని." నకలు ఒకటి తీసి పెట్టుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

షరీఫ్ ఫ్లాపీ పెట్టి మిషను లేపి, డిస్కులో ఏమున్నాయో పైకి చదివాడు. ఉచ్చీరమ్మ కొట్టిన ఫైళ్లన్నీ ఉన్నాయి. జొహరాబీకి ప్రాణం లేచొచ్చింది. డాస్ ఒక్కటే చెడింది. మళ్లీ ఎక్కించడానికి సిస్ అని ఒక్క ముక్క కొడితే చాలు. ఫార్మాట్ చేసేది కొత్త డిస్కుకే, ఎందుకంటే అది ఉన్నదంతా తుడిచేస్తుంది.

"సిస్ కొట్టండి. ఫార్మాట్ వద్దు," అంది ఉర్దూలో.

మగవాళ్లిద్దరూ లేచి కాఫీ తాగొచ్చారు. హాల్లో దేవేంద్రప్ప "ఏమప్పా, నీకు వచ్చునా రాదా?" అంటున్నాడు. షరీఫ్‌కు రోషం వచ్చింది. "కొత్తగా ఎక్కిస్తే పీడా పోతుందన్నా. మా ఇంట్లో ఎన్నిసార్లు చేసింటా!" అన్నాడు.

"వద్దు, ఫార్మాట్ వద్దు!" ఈసారి ఆమె గొంతు పెరిగింది.

మీటలు టకటకమన్నాయి. సాగించమంటావా అని మిషను అడిగే ఉంటుంది. అవునని షరీఫ్ కొట్టే ఉంటాడు.

మిషను లేచింది. లోపల ఏమీ లేదు.

"మా కోడలు కొట్టిందంతా యాడ పోయింది?" అన్నాడు దేవేంద్రప్ప.

షరీఫ్ ఫ్లాపీ బయటికి తీశాడు. తర్వాత అన్నాడు, "ఏం చెప్పేదన్నా, ఇందాక మనం కాఫీకి లేచినప్పుడు మా జొహరా వచ్చి ఏందో ముట్టుకునింది. ఆడోళ్లు చెబితే వింటారా?"

ఇన్నాళ్లలో పరాయివాళ్ల ముందు ఆ పనికి ఆమె పేరు తగిలించడం అదే మొదలు.

"పోనీలేప్పా," అన్నాడు దేవేంద్రప్ప పెద్దమనసుతో. "మళ్లా కొడుతుందిలే. దానికి ఇంట్లో ఏం పనుంది?"

ఉచ్చీరమ్మ నేల చూస్తూ కూర్చుంది. మెల్లగా అంది, "నువ్వు వద్దన్నది నేను ఇన్న్యాను అక్కా. మా పుట్టిల్లు ఆదోనే. మా వాడకట్టంతా సాబులే, నాకు ఉర్దూ వస్తాది."

జొహరాబీ ఆమె చేయి పట్టుకుంది. "మరి చెప్పలేదే మీ మామకు?"

"నువ్వు చెప్పినావా?"

ఇద్దరూ తెర దాటలేదు.

తిరుగు బస్సులో షరీఫ్ మిరపకాయ బజ్జీల పొట్లం ఆమె ఒడిలో పెట్టాడు. "మనసులో పెట్టుకోవద్దు. నా పేరు చెడితే పనెవరిస్తారు? నీ పేరుతో ఎవరికేం పని?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది అందుకే. కోపంగా అనుంటే ఎదురు మాట్లాడేదేమో. ఉచ్చీరమ్మ మళ్లీ కొట్టడానికి కూర్చుంటుంది, బజారి తాత అంచుల దగ్గరికొచ్చి ఆగిపోతుంది అని కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ అనుకుంది. పొట్లం విప్పలేదు.

వారం తిరక్కముందే వాళ్లింటి మిషను మొరాయించింది. కోడుమూరు నుంచి వచ్చినవాళ్లెవరో కూర్చుని ఉన్నారు. స్విచ్ వేయగానే ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు. బియ్యం ఏరుతున్న జొహరాబీకి అర్థమైంది. బొమ్మ చూపించే కార్డు వదులైంది. ఊడబీకి, పళ్లు తుడిచి దూరిస్తే సరిపోతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. వేళ్లు బియ్యంలోనే కదిలాయి, కార్డును పట్టుకున్నట్టు.

"ఏమైంటుంది జొహరా?" అని ఉర్దూలో కేకేశాడు షరీఫ్.

"నాకు తెలీదు," అంది.

అది ఇప్పటికి అబద్ధమే. కొన్నాళ్లు అదే చెబుతూ పోతే నిజమైపోతుందని ఆమెకు తెలుసు.