ఊడవని నేల

ఆగండి. ప్రదర్శనకి టికెట్ కొనేముందు ఇది వినండి.

సముద్రం దాటి మనవాళ్లు కూలికొచ్చే తంజోంగ్ పగార్‌లో, ఈ ప్రదర్శన కోసమే పాత రోములోని ఒక ధనవంతుడి ఇంటిని మళ్లీ కడుతున్నారు. భోజనశాల నేల పరిచేది చక్రధర్, శ్రీకాకుళం మనిషి. గోరంత రంగురాళ్లు ఒక్కొక్కటే అతికించి చేపముళ్లు, గుడ్డుపెంకులు, కొరికి పారేసిన ఎముకలు తీర్చాడు. విందు తర్వాత ఊడవని నేలలా కనపడాలట. అప్పట్లో అదే దర్జా.

"ఇంత ఎంగిలి ఎవులు ఊడ్చీవోలమ్మా?" అని, బొమ్మలు సరిచూడటానికి వచ్చే విద్యార్థిని ఉజ్వలని అడిగాడు.

"బానిసలు అంకుల్. రాళ్లు పరిచింది కూడా వాళ్లే అయ్యుంటారు. పేర్లు మాత్రం మిగల్లేదు."

సోమవారం పొద్దున, గోడకి రంగు వేస్తున్న వెంకటరాజు పరంజా మీంచి ఆ నేల మీదే పడ్డాడు. పడిపోకుండా నడుముకి కట్టుకునే బెల్టు ఇవ్వమని రెండుసార్లు అడిగినవాడే. చెవిలోంచి నెత్తురు. కాంట్రాక్టరు సుధాకరరావు అంబులెన్స్ పిలవనివ్వలేదు. కూలీలుండే డార్మిటరీ బాత్‌రూంలో జారిపడ్డాడని కాగితం రాసి, పని పర్మిట్ రద్దు చేయిస్తానని బెదిరించి, చక్రధర్ చేత సాక్షి సంతకం పెట్టించాడు. సాయంత్రానికల్లా వెంకటరాజుని వీల్‌చైర్‌లో విమానం ఎక్కించేశారు. గురువారం ఊళ్లో ప్రాణం పోయింది.

అతని భార్య సత్యవాణి చక్రధర్‌కి ఫోన్ చేసింది. "నిజింగా బాత్రూంలోనే పడ్డారేటి అన్నియ్యా?"

చక్రధర్ ఫోను పట్టుకుని గది బయటికి నడిచాడు.

"నేదమ్మా. పనికాడే పడ్డాడు. అబద్దానికి సంతకం ఎట్టింది నానే."

ఆదివారం డార్మిటరీ వంటగదిలో ఇరవై రెండు మంది ముందు అదే మాట చెప్పాడు. ఒకడు మొహం మీదే తిట్టాడు. ఇంకొకడు, నిజం చెబితే నా పిల్లల గతేంటని అడిగాడు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఎవరూ లేవలేదు. చివరికి అదే పరంజా మీద పనిచేసే బంగ్లాదేశీ రఫీక్, తెలుగువాళ్ల మధ్య నేర్చిన తెలుగులో అడిగాడు.

"రేపు నేను పడితే, నాది ఏ బాత్‌రూం?"

ఆ తర్వాత వాదన లేదు. జరిగింది జరిగినట్టు, లేబర్ ఆఫీసుకి ఇవ్వటానికి, వాళ్లు పిలిస్తే వచ్చిన ఉజ్వల ఇంగ్లీషులో ఫిర్యాదు రాసి, తెలుగులో చదివి వినిపించింది.

మర్నాడు ఎవరూ రాయి ముట్టలేదు. ఆ ఫిర్యాదు మీద సంతకాలకి వరసగా నిలబడ్డారు. సుధాకరరావు మొదట నేనూ మీవాడినేరా అని బతిమాలాడు. తర్వాత వ్యాన్ తెప్పించాడు.

"సంతకం పెట్టినోడు నేరుగా ఎయిర్‌పోర్టుకే."

మొదటి సంతకం చక్రధర్ పెట్టాడు, తండ్రి పేరుతో సహా పూర్తిగా రాశాడు. తర్వాత రఫీక్. ఇద్దరూ వ్యాన్ ఎక్కారు. కిటికీలోంచి చక్రధర్ ఏడుస్తూనే వెనక్కి చూశాడు. వరస చెదరలేదు.

ఆ వరసలో మూడో మనిషి మీరు. పెన్ను మీ చేతికొచ్చింది, వ్యాన్ తలుపు తెరిచే ఉంది. ఏం చేస్తారు?