ఇంటికో పేరు

2018 జూలై 9, సోమవారం. ఉదయం పదిన్నరకి సోలార్ ప్లాంటు గేటు దగ్గర ఎల్లాజీ దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం మూలన రాసి ఉంది: పోలీసు కేసు.

పని ప్యానెళ్లు కడగడం. జీతం నెలకు తొమ్మిది వేలు.

“కేసేటి తమ్ముడూ?” అని అడిగాడు సూపర్‌వైజరు నరసింగరావు. అతనిది చీపురుపల్లి.

“బొగ్గు కంపెనీ వద్దని అప్పుడు గొడవైనాది గదండి, అదే.”

“కొట్టినావేటి ఎవుల్నైనా?”

“ఆ రోజు నేను ఊళ్లోనే లేనండి. గుజరాత్‌లో, వెరావల్ రేవు కాడ సేపల పడవ మీదున్నాను.”

అది 2011. ఊరి కింద బీలలో, చేపలూ తుంగా దొరికే ఆ చిత్తడి నేలలో, బొగ్గు కరెంటు కేంద్రం మొదలుపెట్టారు. ఊరు పనులు ఆపింది. పదిమందిని అప్పగించమన్నారు పోలీసులు. పదిమందినే ఇస్తే వాళ్లే నలుగుతారని, ఇంటికో మగవాడి పేరు ఇచ్చింది ఊరు. అరవై నాలుగు పేర్లు. రాసింది ఊరి పెద్ద జోగయ్య. భర్త లేని దాలమ్మ, గుజరాత్‌లో ఉన్న కొడుకు ఎల్లాజీ పేరు రాయించింది.

2015లో బొగ్గు కేంద్రం రద్దయింది. కేసు రద్దు కాలేదు. బీల పక్క మెరకలోకి సోలార్ కంపెనీ వచ్చింది.

“ఒక దారున్నాది,” అన్నాడు నరసింగరావు అంతా విని. “పడవ ఓనరు కాడ కాయితం తే. నేను లేను, జోగయ్య దొంగపేరు రాసినాడని కోర్టుకి రాసియ్యి. నీ వాయిదా ఇరవై మూడున గదా, అప్పటిదాకా ఈ పని నీకే ఆపుతాను.”

ఇంటి దగ్గర దాలమ్మ తుంగ ఆరబెడుతూ కొడుకు చెప్పిందంతా వింది.

“రాసీరా. జోగయ్య మావకి నేను సెప్పుకుంతాను.”

“ఏటని? డెబ్బయ్యేళ్లొచ్చినాయి, లోపలికెల్లి కూకో మావా అనా?”

“నీ పేరు సెప్పింది నేను. నా మీద రాయి.”

“బాగున్నాది. నేను ప్యానెళ్లు కడుగుతాను, నువ్వు జైల్లో అంట్లు కడుగు.”

దాలమ్మ నవ్వలేదు. “ఆ రోజు అన్ని ఇళ్ల పేర్లూ సదివి మనిల్లు వదిలేస్తే, బోరింగు కాడికి ఏ మొకంతో ఎల్దునురా?”

జూలై 23న కోర్టులో పేర్లు పిలిచారు. ఐదుగురు అప్పటికే చనిపోయారు. జోగయ్య ముందు వరుసలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వెరావల్ నుంచి వచ్చిన కాగితం ఎల్లాజీ చొక్కా జేబులో ఉంది.

నలభై ఒకటో పేరు అతనిది.

“ఉన్నానండి,” అన్నాడు. కాగితం బయటికి తీయలేదు.

కేసు సెప్టెంబరు 17కి వాయిదా పడింది. ఆ సాయంత్రం ప్యానెళ్లు కడిగే పనిలో పొరుగూరి మనిషి చేరాడు.